మంటలార్పే ఉభయచర విమానాలు: శ్రీశైలం నీళ్ళతో నల్లమలకు పనికొస్తాయా?

#1 గిద్దలూరు కుర్రోడు
అందరికీ నమస్కారం. శివరాత్రి దాటిందంటే చాలు, నల్లమలలో ఏదో ఒక మూల మంట లేస్తూనే ఉంటుంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడినప్పుడు పసుపు, ఎరుపు రంగుల విమానం సముద్రాన్ని రాసుకుంటూ వెళ్ళి, ఆగకుండానే నీళ్ళు నింపుకుని లేచిపోయే వీడియో మీరంతా చూసే ఉంటారు. అప్పట్నుంచీ నాకు ఒకటే ఆలోచన. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ట్రయల్ వేశారు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు అందులోనే వచ్చారు. అంటే మన రిజర్వాయరు మీద విమానం దిగగలదు, లేవగలదు అని తేలిపోయింది కదా. ఆ మంటలార్పే విమానం ఒక్కటి తెచ్చి ఎండాకాలమంతా ఇక్కడ పెట్టుకుంటే నల్లమల దక్కదా? డబ్బుల సంగతి తర్వాత. ముందు పని జరుగుతుందా లేదా అన్నది తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 కాల్గరీ కామేశ్
మంచి టాపిక్ ఎత్తావు తమ్ముడూ. నేను ఇక్కడ విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

వీడియోలో మీరు చూసింది సీఎల్-415. దానికి ముందు తరం సీఎల్-215. కెనడేర్ కంపెనీ చేసిన ఆ 215 తొలిసారి ఎగిరింది 1967 అక్టోబరులో. మొదట కొన్నవాళ్ళు క్యుబెక్ ప్రభుత్వం, ఫ్రాన్స్. వేరే పనికి చేసిన విమానానికి ట్యాంకు తగిలించిన బాపతు కాదిది, అడవి మంటల కోసమే గీసిన డిజైన్. కింద పొట్ట పడవ ఆకారంలో ఉంటుంది. నీటి తుంపర కొట్టకుండా ఇంజిన్లు పైన, రెక్కల మీద. చక్రాలు పక్కలకు ముడుచుకుంటాయి. అందుకే రన్‌వే మీదా దిగుతుంది, చెరువు మీదా దిగుతుంది. 215లో పాతకాలం పిస్టన్ ఇంజిన్లు ఉండేవి, 1993 డిసెంబరులో ఎగిరిన 415కి టర్బోప్రాప్‌లు, అంటే ప్రొపెల్లర్ తిప్పే టర్బైన్ ఇంజిన్లు, వచ్చాయి.

ఇక అసలు విద్య నీళ్ళు ముంచుకోవడం. పొట్ట కింద రెండు చిన్న స్కూపులు, అంటే నీళ్ళు లోపలికి తీసుకునే మూతుల్లాంటివి, ఉంటాయి, పైలట్ వాటిని కిందికి దింపుతాడు. విమానం నీటికి తాకుతుంది కానీ ఆగదు, గంటకు 120 కిలోమీటర్ల పైన వేగంతో జారిపోతూనే ఉంటుంది. ఆ వేగానికే నీళ్ళు ట్యాంకుల్లోకి ఎగదన్నుకుని వచ్చేస్తాయి, పంపులేమీ అక్కర్లేదు. పరిగెత్తే జీపులోంచి వంగి కాలవలో బిందె ముంచినట్టే. 12 సెకన్లలో 6,137 లీటర్లు. ఆ 12 సెకన్లలో నీటి మీద 410 మీటర్లు పోతుంది. 15 మీటర్ల ఎత్తు నుంచి దిగి, నింపుకుని, మళ్ళీ అంత ఎత్తుకు లేవడానికి మొత్తం 1,340 మీటర్ల జాగా చాలు. నీటి లోతు రెండు మీటర్లుంటే సరిపోతుంది.

చెప్పినంత తేలిక కాదది. 12 సెకన్లలో ఆరు టన్నుల బరువు ఎక్కుతోంది. బరువు ఎక్కేకొద్దీ విమానం కుంగుతుంది, నీరు వెనక్కి లాగుతుంది, పైలట్ దానికి తగ్గట్టు పవర్ పెంచుకుంటూ పోవాలి. ట్యాంకు నిండగానే స్కూపులు పైకి తీసేసి లేవాలి. రోజుకు ఎన్నోసార్లు ఇదే పని, పొగలో, ఎండలో.

నీళ్ళకీ మంటకీ మధ్య దూరం ఒక 11 కిలోమీటర్లుంటే గంటకు 9 ట్రిప్పులు వేయగలదని తయారీదారు లెక్క. అంటే గంటకు 55 వేల లీటర్ల పైచిలుకు. ఈ విమానం గొప్పంతా ఆ తిరుగుడులోనే ఉంది, ట్యాంకు సైజులో కాదు.

#3 శైలజ_ఎల్ఏ
మాది శాంటా మోనికా దగ్గర. ఆ జనవరిలో మేం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళమే కాబట్టి ఇది చదివి రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఒక సంగతి ముందుగా చెప్పాలండి. 7వ తేదీన మంట మొదలైన రాత్రి గాలి ఎంత భయంకరంగా ఉందంటే విమానాలన్నీ దింపేయాల్సి వచ్చింది. ఎక్కువ ఇళ్ళు కాలిపోయింది ఆ గాలిలోనే. గాలి తగ్గాకే ఈ సూపర్ స్కూపర్లు (ఈ సీఎల్-415లనే ఇక్కడ అలా అంటారు) వచ్చాయి, సముద్రంలో ముంచుకుని కొండల మీద పోస్తూనే ఉన్నాయి. ఆ ఇంజిన్ల చప్పుడు వినగానే మా పక్కింటి పెద్దావిడ చేతులు జోడించింది. అంత ధైర్యం ఇచ్చాయి. కానీ మంట అన్నిటికన్నా ఉధృతంగా ఉన్న గంటల్లో అవి గాల్లో లేవు, ఉండలేవు కూడా. విమానం ఉంటే చాలు అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంకోటి. 9వ తేదీన ఎవరో సరదాకి ఎగరేసిన డ్రోన్ వచ్చి ఒక స్కూపర్ ఎడమ రెక్కకు కొట్టుకుంది. రెక్కకి బొక్క పడింది. పైలట్లు క్షేమంగా దింపారు గానీ, సరిగ్గా అవసరమైనప్పుడు ఆ విమానం కొన్ని రోజులు మూలన పడింది. ఆ డ్రోన్ ఎగరేసిన మనిషి తర్వాత కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మన దగ్గర ఏ చిన్న సంఘటన జరిగినా ఫోన్లు, డ్రోన్లు పట్టుకుని పరిగెత్తేవాళ్ళకి ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం.

ఆ విమానాలు కూడా మావి కావు. 1994 నుంచి ప్రతి ఏటా క్యుబెక్ నుంచి అద్దెకు వస్తున్నాయి.

#4 సాగర్ కట్ట
ఉప్పునీళ్ళు పోస్తే విమానం పాడవదా? అడవి కూడా పాడవుతుంది కదా? ఇంకో డౌట్, ఈతగాడిని స్కూపు లాగేసి అడవిలో పడేసింది అని ఒక కథ తిరుగుతుంటుంది, నిజమేనా?

#5 కాల్గరీ కామేశ్
ఈతగాడి కథ పచ్చి అబద్ధం. ఆ స్కూపుల నోళ్ళు మనిషి పట్టేంతవి కావు.

ఉప్పు మాత్రం నిజమైన శత్రువే. సముద్రంలో పనిచేసిన విమానాన్ని ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడగాలి. కడిగినా రివెట్ల సందుల్లో ఉప్పు చేరి లోహాన్ని తినేస్తుంది. ఫ్రాన్స్, ఇటలీ, గ్రీస్, క్రొయేషియా దశాబ్దాలుగా మధ్యధరా సముద్రపు నీళ్ళే వాడుతున్నాయి కాబట్టి పని ఆగదు, కానీ చలికాలమంతా ఒక్కో విమానాన్ని విప్పి తుప్పు వెతకడమే సరిపోతుంది. మంచినీటి సరస్సు ఉంటే ఎవరైనా అదే ఎంచుకుంటారు. ఆ లెక్కన శ్రీశైలం నీళ్ళు వరమే.

#6 సాగర్ కట్ట
థాంక్స్ అన్నా. ఆరు వేల లీటర్లేనా? రష్యా వాళ్ళది 12 టన్నులు కదా. చైనా కూడా పెద్దది చేసిందట. జపాన్ విమానం మన నేవీకి వస్తుందని కూడా చిన్నప్పటి నుంచి వింటున్నా.

#7 కాల్గరీ కామేశ్
రష్యాది బెరియెవ్ బీఈ-200, 1998లో ఎగిరింది. జెట్ ఇంజిన్లు, 12 టన్నుల నీళ్ళు. గ్రీస్, పోర్చుగల్, ఇజ్రాయెల్ లాంటి చోట్ల మంటలకి వెళ్ళి బాగానే పనిచేసింది. దాని ఇంజిన్లు ఉక్రెయిన్‌వి. 2014 తర్వాత ఆ సరఫరా ఏమైందో మీరే ఊహించుకోవచ్చు. 2021 ఆగస్టులో టర్కీలో ఒకటి కొండను ఢీకొని లోపలున్న 8 మందీ పోయారు.

చైనా ఏజీ600 కూడా 12 టన్నులే. 2017 చివర్లో రన్‌వే నుంచి, 2018లో నీటి మీద నుంచి లేచింది, 2025 ఏప్రిల్‌లో టైప్ సర్టిఫికెట్, అంటే ఆ డిజైన్‌కి ప్రభుత్వ ఆమోదం, వచ్చింది.

అందరికన్నా పెద్దది మాత్రం మార్టిన్ మార్స్. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా నేవీ విమానాలను బ్రిటిష్ కొలంబియాలో కలప కంపెనీలు కొని ఫైర్ బాంబర్లుగా మార్చుకున్నాయి. ఒక్క విడతకి 27 వేల లీటర్లు! కానీ వాటికి చక్రాలే లేవు, నీటి మీదే పుట్టి నీటి మీదే బతికాయి. హవాయి మార్స్‌ని 2024 ఆగస్టులో మ్యూజియానికి ఇచ్చినప్పుడు కూడా ఎయిర్‌పోర్టు పక్కనున్న సముద్రపు పాయలో దింపి ఒడ్డుకు లాగాల్సి వచ్చింది. పెద్దదానికి పెద్ద సరస్సు కావాలి, మలుపుకి పెద్ద లోయ కావాలి. చిన్న చిన్న చెరువుల దగ్గర అది దండగ. అందుకే 415 నిలబడింది.

ఇంకా చిన్నది కూడా ఉంది, ఎయిర్ ట్రాక్టర్ ఫైర్ బాస్. పొలాలకు మందు కొట్టే విమానానికి ఫ్లోట్లు (నీటి మీద తేలే పడవల్లాంటి కాళ్ళు), ఆ ఫ్లోట్లకు చక్రాలు. ఒక్క ఇంజిన్, ఒక్కడే పైలట్, సుమారు 3,000 లీటర్లు. స్పెయిన్, పోర్చుగల్, క్రొయేషియా, స్వీడన్‌లలో గుంపుగా తిప్పుతారు. నన్నడిగితే మన చెరువులకు ఏదైనా సరిపోతుందంటే అదే.

జపాన్ సంగతి పెద్దలెవరైనా చెప్పాలి.

#8 పాత ఎంఐ17
జపాన్ వాళ్ళ యూఎస్-2 గురించి మన నేవీ ఏళ్ళ తరబడి మాట్లాడింది, బేరం కుదరలేదు. అది ప్రధానంగా సముద్రంలో ప్రాణాలు కాపాడే విమానం, మూడు మీటర్ల అలల్లో కూడా దిగుతుంది.

నేను వాయుసేనలో హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైరయ్యాను. మన దేశంలో అడవి మంటల మీద ఆకాశం నుంచి నీళ్ళు పోసే పని ఇప్పటిదాకా దాదాపుగా ఎంఐ-17కి వేలాడే బాంబీ బకెట్‌తోనే జరుగుతోంది. ఆ బకెట్ కూడా కెనడా సరుకే. సుమారు 3,500 లీటర్లు పడుతుంది. 2016లో ఉత్తరాఖండ్, 2021 జనవరిలో నాగాలాండ్-మణిపూర్ సరిహద్దులోని జుకో లోయ, 2024 ఏప్రిల్‌లో నైనిటాల్ మంటలు... నైనిటాల్‌కి భీమతాల్ సరస్సులోంచి తోడి పోశారు. మన తిరుమల దగ్గర శేషాచలం 2014 మార్చిలో అంటుకున్నప్పుడు కూడా వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి, గుర్తుందా?

బకెట్‌కి 1,340 మీటర్ల జాగా అక్కర్లేదు. బకెట్ మునిగే లోతున్న గుంట ఉంటే చాలు, పైన తీగలు లేకుండా ఉంటే చాలు. నష్టం ఏమిటంటే వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ, ఎండకు గాలి పలచబడినప్పుడు ఎత్తే బరువు తగ్గుతుంది. కొండ మీద మధ్యాహ్నం రెండింటికి ఆ యంత్రం ఎంత కష్టపడుతుందో లోపల కూర్చున్నవాడికే తెలుసు.

#9 గిద్దలూరు కుర్రోడు
సార్, అందుకే కదా నేను విమానం అంటున్నది! శ్రీశైలంలో నీళ్ళున్నాయి, జాగా ఉంది. గంటకు 55 వేల లీటర్లు పోస్తే ఏ మంట ఆగుతుంది?

#10 నాగలూటి దారి
ఈ థ్రెడ్ మొదట్నుంచీ చదువుతున్నా. అటవీ శాఖలో, నల్లమలలోనే నా సర్వీసు ఎక్కువ భాగం గడిచింది. కొంచెం నేల మీది మాట చెప్తాను.

లాస్ ఏంజెలెస్ వీడియోలో మంట, మా మంట ఒకటి కాదు. కెనడా, గ్రీస్‌లలో స్ప్రూస్, పైన్ చెట్ల తలలే అంటుకుంటాయి. ఆ మంట దగ్గరికి మనిషి పోలేడు, అక్కడ విమానం కావాల్సిందే. నల్లమలది ఆకురాల్చే అడవి. మార్చికల్లా టేకు, నల్లమద్ది అన్నీ ఆకు దులుపుకుని నిలబడి ఉంటాయి. కాలేది కింద పడ్డ ఎండుటాకు, బోద గడ్డి. మంట చాలాచోట్ల మోకాలెత్తు, బోద దట్టంగా ఉన్నచోట మనిషెత్తు. ముగ్గురు నలుగురు చెంచు వాచర్లు పచ్చి కొమ్మలు విరుచుకుని వరసగా కొట్టుకుంటూ పోతే ఆరిపోయే మంట అది. ఇప్పుడు బ్లోయర్లు కూడా వచ్చాయి, ఆకును ఊడ్చి నేల బయటపెడితే అక్కడ ఆగిపోతుంది.

మరి ఎందుకు పెరుగుతుంది? ఎవరూ చేరుకోక. శాటిలైట్ చూసి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి ఎస్ఎంఎస్ వస్తుంది. ఆ పాయింటు ఏ సెలయేటి అవతలో, ఏ కొండ పైనో ఉంటుంది. బేస్ క్యాంపు నుంచి నడిచి చేరేసరికి సాయంత్రం. అప్పటికి గీత కిలోమీటర్ల పొడుగు సాగి ఉంటుంది. ఆ పొడుగాటి సన్నటి గీత మీద ఒక విమానం ఎన్ని విడతలు పోయాలి? పోసినచోట తడుస్తుంది, పక్కన మంట నడుస్తూనే ఉంటుంది. ఒక మొద్దు లోపల్లోపల రగులుతూ ఉంటే రేపు మధ్యాహ్నం మళ్ళీ లేస్తుంది. దాన్ని మనిషే చూసుకోవాలి, మట్టి కప్పాలి.

ఇంకో మాట. నీళ్ళు పడేచోట మా వాళ్ళుంటే? ఆరు టన్నులు ఒక్కసారి పైనుంచి పడితే కొమ్మలు విరుగుతాయి, రాళ్ళు దొర్లుతాయి, మనుషుల ప్రాణాలకే ముప్పు. పైలట్‌కీ కింద క్యాంపుకీ ఒకే వైర్‌లెస్ మాట నడవాలి. అదీ ఇంకా లేదు.

#11 కాల్గరీ కామేశ్
నాగలూటి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ ఫైర్ సిబ్బంది కూడా అదే అంటారు. విమానం మంటని ఆర్పదు, దాని వేడి తగ్గించి నేల మీది మనిషి లోపలికి పోవడానికి సమయం సంపాదించి పెడుతుంది. ఎర్రటి రిటార్డెంట్ (మంట పాకకుండా అడ్డుకునే రసాయనం) పోసే పెద్ద ట్యాంకర్ విమానాలు ముందుగా వెళ్ళి గీత గీస్తాయి, స్కూపర్ నేరుగా మంట మీదే పోస్తుంది. రెండిటి వెనకా పలుగూ పారా పట్టిన మనుషులు లేకపోతే మర్నాటికి అంతా మామూలే.

పైలట్ల సంగతి కూడా చెప్పాలి. నీళ్ళు పోయడానికి 30-40 మీటర్ల ఎత్తుకు దిగుతారు, పొగలో, కొండ సందుల్లో. 2023 జులై 25న గ్రీస్ ఎవియా ద్వీపంలో ఒక సీఎల్-215 నీళ్ళు పోసి లేస్తూ రెక్క చెట్టుకి తగిలి పడిపోయింది. టీవీలో లైవ్ పోతోంది. ఇద్దరు వాయుసేన పైలట్లు, ఒకరికి 34 ఏళ్ళు, ఒకరికి 27. అంతకు ముందు ఏడాది అక్టోబరులో ఇటలీలో ఎట్నా పర్వతం మీద ఇంకో ఇద్దరు పోయారు. ఈ పని చేసేవాళ్ళ మీద నాకున్న గౌరవం మాటల్లో చెప్పలేను. కొండల్లో ఒక విమానం పెట్టుకుందాం అనేముందు అంత ట్రైనింగు, అంత అనుభవం ఉన్న సిబ్బందిని ఎక్కడి నుంచి తెస్తామో ఆలోచించాలి.

#12 శైలజ_ఎల్ఏ
అద్దెకు తెచ్చుకోవచ్చు కదండీ, మా కౌంటీ లాగా? సిబ్బంది కూడా విమానంతో పాటే వస్తారు.

#13 కాల్గరీ కామేశ్
మంచి ప్రశ్న శైలజ గారూ. క్యుబెక్, లాస్ ఏంజెలెస్ మధ్య ఆ ఏర్పాటు కుదరడానికి కారణం సీజన్లు. క్యుబెక్‌లో మంటలు వసంతం, ఎండాకాలం. మీకు మంటల్ని ఎగదోసే శాంటా ఆనా పొడి గాలులు శరదృతువు నుంచి. ఒకరి పని అయ్యాక ఇంకొకరిది. మన దేశంలో అలా పంచుకోవడం కష్టం. ఉత్తరాఖండ్, నల్లమల, ఒడిశా అన్నీ ఫిబ్రవరి నుంచి జూన్ లోపే కాలతాయి.

యూరప్ విమానాలకి ఆ నెలల్లో మంటల పని తక్కువే, కానీ పైన చెప్పానే, అవి అప్పుడు విప్పి ఉంటాయి. 415 తయారీ 2015లో ఆగిపోయింది, ఉన్నవి అరిగిపోతున్నాయి. కొత్తగా డీహెచ్‌సీ-515 ఇక్కడ కాల్గరీలో అసెంబుల్ చేయబోతున్నారు. మీరు శ్రీశైలంలో చూసిన ట్విన్ ఆటర్ చేసిన డీ హావిలాండ్ కెనడాయే దీన్నీ చేస్తోంది. యూరోపియన్ యూనియన్ డబ్బుతో ఆరు దేశాలు తలా రెండు చొప్పున 12 తీసుకుంటున్నాయి. గ్రీస్ మొత్తం ఏడింటికి 36 కోట్ల యూరోలకు ఒప్పందం చేసుకుంది. ఒక్కోటి ఐదు కోట్ల యూరోల పైమాటే. ఇవాళ ఆర్డరిచ్చినా మన వంతు రావడానికి ఏళ్ళు పడుతుంది.

#14 గిద్దలూరు కుర్రోడు
అర్థమైంది అన్నా. కానీ నాగలూటి గారూ, అసలు విమానమే వద్దంటారా? కొండ పైన మనుషులు చేరలేని చోట్ల సంగతేంటి?

#15 నాగలూటి దారి
వద్దనలేదు బాబూ. ఎవరూ ఎక్కలేని చోట్లు ఉన్నాయి, కృష్ణా లోయ అంచుల్లో నిట్టనిలువు బండలు. గాలి ఎత్తుకున్న రోజున మా కొమ్మలు, బ్లోయర్లు చాలవు. చెంచు పెంటల (అడవిలోని చెంచుల గూడేల) వైపు మంట మళ్ళితే పైనుంచి నీళ్ళు కావాల్సిందే. నేననేది ఏమిటంటే, ఆ కొద్ది చోట్లకి హెలికాప్టరు బకెట్ చాలు, అది సమయానికి వస్తే. ఇప్పుడు ఉత్తరాలు తిరిగి, అనుమతులు వచ్చేసరికి అడవి కాలిపోయి ఉంటుంది.

శ్రీశైలం నీళ్ళ గురించి కూడా. ఎండాకాలంలో నీటిమట్టం దిగిపోయి సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కదా. వెనక జలాల్లో పాత ఊళ్ళ మొండి గోడలు, చెట్ల మోళ్ళు, జాలర్ల వలలు, పుట్టిలు. 120 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానానికి ఒక్క మోడు చాలు. డ్యాము దగ్గర లోతుంది గానీ రెండు పక్కలా కొండలు, కరెంటు తీగలు.

మంటలు ఎందుకు పుడుతున్నాయో కూడా చూడాలి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చేవాళ్ళు, గడ్డి బాగా మొలుస్తుందని నిప్పు పెట్టే పశుల కాపరులు, బీడీ పారేసేవాళ్ళు. ఉగాదికి కన్నడ భక్తులు వేలమంది వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిచి వస్తారు. దారిలో వంటలు చేసుకుంటారు. ఆ రోజుల్లో దారి పొడుగునా మనుషుల్ని పెట్టి, ముందే రెండు పక్కలా ఫైర్ లైన్ (మంటకి ఆకు, గడ్డి దొరకకుండా ఖాళీ చేసిన పట్టీ) కాల్చి ఉంచితే మంట లోపలికి పోదు. ఒక విమానం ఖర్చులో పిసరంత పెడితే వాచర్లకి నెలనెలా జీతం సక్రమంగా అందుతుంది, బూట్లు వస్తాయి. ఇప్పుడు కొందరు చెప్పుల్తోనే మంటలోకి పోతున్నారు. నాకు అదే బాధ.

#16 శైలజ_ఎల్ఏ
ఆ చివరి మాట చదివి మనసు చివుక్కుమంది. బూట్లు, బ్లోయర్లు కావాలంటే ఇక్కడి తెలుగువాళ్ళం పంపగలం. శాఖ తీసుకునే పద్ధతి ఏమిటో చెప్పండి నాగలూటి గారూ.

#17 పాత ఎంఐ17
కుర్రోడా, నువ్వు వినతిపత్రం ఇచ్చేట్టయితే విమానం అడగొద్దు. అడగాల్సింది, ఫిబ్రవరి నుంచి మే దాకా బకెట్‌తో సహా ఒక హెలికాప్టరు మనకి దగ్గర్లోని బేస్‌లో సిద్ధంగా ఉండాలి, పిలిచే అధికారం జిల్లా స్థాయిలోనే ఉండాలి. దాంతోపాటు బకెట్ ముంచగలిగే నీటి వనరుల మ్యాపు ముందే తయారుచేసి పైలట్లకి ఇవ్వాలి. లోతెంత, తీగలెక్కడ, గట్టు మీద చెట్లెంత ఎత్తు అన్నవి అందులో ఉండాలి. మంట లేచాక చెరువు వెతుక్కుంటూ తిరిగితే ఇంధనం అక్కడే అయిపోతుంది. ఇది నా అనుభవంతో చెప్తున్నా.

#18 గిద్దలూరు కుర్రోడు
తప్పకుండా సార్. మ్యాపు పని మేం కుర్రాళ్ళం మొదలుపెడతాం. ఏయే చెరువులు రాసుకోవాలి?

#19 నాగలూటి దారి
శైలజ గారూ, చాలా సంతోషం. పద్ధతి కనుక్కుని మెసేజ్ పెడతాను.

చెరువుల సంగతి: ముందు వెలుగోడు రిజర్వాయరు రాసుకోండి. తెలుగుగంగ నీళ్ళు, అడవి అంచులోనే ఉంటుంది. ఆత్మకూరు వైపు సిద్ధాపురం చెరువు. శ్రీశైలం వెనక జలాల్లో మోళ్ళు లేని మడుగులు జాలర్లకి తెలుసు, వాళ్ళని వెంటబెట్టుకుని పుట్టి మీద తిరిగి లోతు చూడండి. కంభం చెరువు మీకే దగ్గర. మార్చిలో అందులో ఎంత లోతు మిగులుతుందో గత కొన్నేళ్ళ లెక్క నీటిపారుదల శాఖ ఏఈ ఆఫీసులో ఉంటుంది, వెళ్ళి అడగండి.